నేను మింగేసిన వాక్యం

గరివిడి రోడ్డులో టీ తాగుదామని ఒక టిఫిన్ కొట్టు దగ్గర బండి ఆపాను. కొట్టువాడు ఇడ్లీ ప్లేట్లు ఒక వాలుబల్ల మీద పేర్చుకున్నాడు. అవి జారిపోకుండా బల్ల కింది అంచుకు రీపరు ముక్క కొట్టాడు. గ్లాసు అందుకుంటూ అటు చూశాను, ఇంక చూపు తిప్పుకోలేకపోయాను. పై అంచున ఇనప ఊచ దూర్చే కన్నాలు, మోచేతులు ఆని ఆని పల్లం పడిన చెక్క, కుడివైపు మూల ఎప్పుడో లాంతరు బోర్లాపడితే కాలిన నల్లటి మచ్చ. "ఇదెక్కడిది బాబూ?" అన్నాను. "ఏటో సారూ, పాతసామాన్ల కొట్లో దొరికినాది. మంచి టేకు, సెద పట్టదు. మీకు కావాలేటి? అమ్మను గానీ, సూసుకోండి," అని నవ్వాడు. టీ సగంలో వదిలేసి వచ్చేశాను. ఆ బల్ల ముందు నిలబడి నేను చదవడం నేర్చుకున్నాను. ఆ బల్ల ఉండే గది ఇప్పుడు లేకపోవడానికి కారణం కూడా నేనే. మొదటి సంగతి చాలాచోట్ల చెప్పుకున్నాను, రాసుకున్నాను. రెండోది ఇంతవరకూ ఎక్కడా రాయలేదు.

విజయనగరంలో మా వీధి మొదట్లో ఉండేది ఆ గది. పెంకుల కప్పు, రోడ్డు వైపు కిటికీలు, వెనక గోడకి ఒక బీరువా. పేరు బోర్డు లేదు. అందరూ 'చదువుల గది' అనేవారు. పగలంతా తాళం. సాయంత్రం జూట్ మిల్లు కూత వినబడ్డాక తలుపు తెరిచేవారు. మిల్లు నుంచి వచ్చేవాళ్లు గోనె నూగు తలల్లో ఉండగానే వచ్చి కూర్చునేవారు. బజారుకి చోళ్లూ, నువ్వులూ తెచ్చిన పల్లెటూరి రైతులు తిరుగు బండి కట్టేముందు కాసేపు ఆగేవారు. వాళ్లలో చాలామందికి అక్షరాలు రావు. అందుకని ఆ గదిలో ఒక పద్ధతి ఉండేది. ఎవరో ఒక పిల్లవాడు వాలుబల్ల ముందు నిలబడి ఆ రోజు పేపరు పైకి చదవాలి. మిగతావాళ్లు వింటారు. కిరసనాయిలు వాసన, చెమట వాసన, తడి గోనె వాసన, వీటన్నిటి మధ్య కొత్త పేపరు సిరా వాసన ఒకటి. ఇప్పటికీ ఎక్కడైనా గోనెసంచులు తడిసిన వాసన తగిలితే నా గొంతు దానంతటదే సర్దుకుంటుంది, చదవడానికి.

ఆ గదిలో చేతుల కుర్చీ ఒక్కటే ఉండేది. అందులో మా తాత అప్పలనాయుడు కూర్చునేవాడు. మాది చీపురుపల్లి వైపు నుంచి వచ్చి పట్నంలో ధాన్యం కొట్టు పెట్టుకున్న రైతు కుటుంబం. తాత రోజూ సాయంత్రం వేన్నీళ్లు పోసుకుని, నాన్నమ్మ ఇచ్చిన చోడంబలి నిలబడే తాగి, ఉతికిన పంచె కట్టి, కండువా భుజాన వేసుకుని బయల్దేరేవాడు. నాన్నమ్మ వీధరుగు మీద చుట్ట నిప్పు కొస నోట్లో పెట్టి అడ్డపొగ వేసుకుని కూర్చుని, "రాజావోరు దర్బారుకెల్తన్నారు, తప్పుకోండి," అని కోడళ్లను నవ్వించేది. తాత వినబడనట్టు నడిచేవాడు. ఆయన ఊళ్లో లేని రోజున కూడా ఆ కుర్చీలో ఎవరూ కూర్చునేవారు కాదు. బెంచీలు చాలకపోతే నేల మీద కూర్చునేవారు గాని, దాన్ని ముట్టుకునేవారు కాదు. కుర్చీ తాతదే, మా ఇంటినుంచే వెళ్లింది. కుర్చీ మాదైతే గది కూడా మాదే అని నా చిన్న బుర్రకు తోచింది. మా నాన్నకీ అలాగే తోచిందేమో. "మీ తాత కట్టించిన గదిరా అది," అని ఆయన నాకు ఎన్నిసార్లు చెప్పాడో. అన్నం ముద్దలతో పాటు ఆ మాట కూడా లోపలికి వెళ్లింది.

తలుపు తెరిచేదీ, లాంతరు తుడిచేదీ, పేపరు ఊచకి గుచ్చేదీ మాత్రం రత్నమ్మ టీచరు. మిషన్ స్కూల్లో మూడో తరగతి చెప్పేది. బాప్టిస్టు చర్చి వెనక ఇళ్లలో ఉండేది. పొడుగ్గా, ఎప్పుడూ తెల్లచీరలో, చేతికి గడియారంతో. పెళ్లి చేసుకోలేదు. మేం చదువుతుంటే వెనక నిలబడేది. కష్టమైన మాట వచ్చినప్పుడు మేం దాన్ని దాటేసి ముందుకు పోతామని ఆవిడకు తెలుసు. పొద్దున్నే స్కూలుకు వెళ్లేముందు పేపరంతా తనే చదివేసి వచ్చేది మరి. మేం ఒక ముక్క దాటెయ్యగానే వెనకనుంచి మాట పడేది. "మింగీసినావు రా గుంటడా. మళ్లీ సదువు." బెంచీల మీద నవ్వులు. "ఏటి మింగినాడు టీచరమ్మా? తియ్యగున్నాదేటి?" అని ఒక మిల్లు కూలీ. "సేదుగుంటేనే కదా మింగీసేది. తియ్యగుంటే సప్పరిస్తాడు," అని ఆవిడ. మొదటికి వచ్చి మళ్లీ చదవాలి. ఏమీ మింగకుండా చివరిదాకా చదివితే మాత్రం మెచ్చుకోలు మాట ఒక్కటీ ఉండేది కాదు. చెయ్యి చాపి పేపరు అందుకుని, మడతమీద మడత పెట్టేది. అంతే. ఆ చాపిన చెయ్యి కోసం నేను ఇంటి దగ్గర దూలాలకు వినబడేలా చదివేవాణ్ణి.

తరవాత నేను సోషల్ మాస్టారినయ్యాను. హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్లిన మరుసటేడు పట్నంలో కొందరు పెద్దలు కలిసి, మన ఊరి చరిత్ర ఒక పుస్తకంగా వెయ్యాలి, నువ్వు రాయి అన్నారు. కోటల గురించీ రాజుల గురించీ రాసినవాళ్లు ఉన్నారు. నేను వీధుల గురించి రాస్తానన్నాను. ఆదివారాలు, సెలవులు అన్నీ గ్రంథాలయంలో పాత పేపర్ల గదికి ధారపోశాను. బైండు చేసిన పాత వారపత్రికలు, స్కూళ్ల వార్షికోత్సవ సంచికలు, జిల్లా మాన్యువళ్లు. తుఫానుకి తడిసి ఆరిన బైండ్ల పేజీలు అప్పడాల్లా విరిగేవి. జిరాక్సు తియ్యనివ్వరు. చేత్తో రాసుకోవాల్సిందే. దుమ్ముకి తుమ్ములు ఆగేవి కావు. అయినా అంత సంతోషంగా నేను ఎప్పుడూ లేను. ఒక వీధి పేరు వెనక మనిషి దొరికితే ఆ పూట అన్నం కూడా గుర్తొచ్చేది కాదు. బజార్లో జనం 'చరిత్ర మాస్టారు' అని పిలవడం మొదలుపెట్టారు. ఆ పిలుపు నాకు బాగుండేది. ఎంత బాగుండేదో అప్పుడు నాకే తెలియదు.

ఆ వారపత్రికల్లో చదువుల గది ప్రారంభోత్సవం ఫొటో దొరికింది. ఆ రోజుల్లో గ్రూపు ఫొటోలకు ఒక ఆనవాయితీ ఉండేది. కింద పేర్లు రాసేటప్పుడు 'కుర్చీలలో ఉన్నవారు, ఎడమ నుండి కుడికి' అని కుర్చీల్లో కూర్చున్నవాళ్ల పేర్లే వేసేవారు. వెనక నిలబడ్డవాళ్లకీ, ముందు నేల మీద కూర్చున్నవాళ్లకీ పేర్లుండవు. కుర్చీల వరసలో చివర మా తాత, పడుచువాడు, తలపాగాతో. నా కళ్లు చెమర్చాయి. ఇంటికి వెళ్లి మంచం మీద ఉన్న నాన్నకు చెప్పాను. అప్పటికే ఆయనకి పక్షవాతం వచ్చి మాట పోయింది. ఆ గది తాతగారు స్థలమిచ్చి కట్టించినదని రాసుకున్న పేజీ ఆయనకి పైకి చదివి వినిపించాను. బాగున్న చేత్తో నా మణికట్టు పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

పుస్తకం అచ్చుకి వెళ్లింది. ఆఖరు ప్రూఫులు దిద్ది ఇవ్వాల్సిన రోజున ఇంకేదో తేదీ సరిచూసుకోవడానికి మళ్లీ గ్రంథాలయానికి వెళ్లాను. అదే బైండు, తరవాతి వారం సంచిక. పేజీ అడుగున చిన్న వార్త. కిందటి వారం ఫొటోలో నిలబడినవారి పేర్లు ఇవ్వలేకపోయామనీ, ఆ గదిని తన ఇంటి ఆవరణలో సొంత ఖర్చుతో కట్టించి, ఏ కులంవారైనా వచ్చి చదువుకోవచ్చని తెరిచినది మిషన్ పాఠశాల ఉపాధ్యాయులు దేవసహాయంగారనీ, అప్పలనాయుడుగారు అతిథిగా తాళం తీశారనీ. దేవసహాయం అంటే రత్నమ్మ టీచరు తండ్రి. నేను పుట్టకముందే పోయాడు. ఫొటో పేజీకి తిరిగి వెళ్లాను. మా తాత కుర్చీ వెనక ఒక పొడుగాటి మనిషి, తెల్లకోటు, చెయ్యి కుర్చీ వీపు మీద వేసి నిలబడ్డాడు. ఆవిడ ముఖమే. ప్రెస్సువాడి దగ్గరనుంచి ఫోను మోగుతోంది. "మాస్టారూ, ప్లేట్లు వేసీమంటారా? మెషీను కాళీగున్నాది." బైండు మూశాను. చేతులకి అంటిన పొడి దులుపుకున్నాను. "వేసెయ్యండి," అన్నాను. ఫొటో కింద పత్రికలో ఉన్న పేర్లే ఉన్నది ఉన్నట్టు వేశాను. అందులో అబద్ధం లేదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. పక్క పేజీలో మాత్రం ఉంది.

ఆవిష్కరణకి రత్నమ్మ టీచరు వచ్చింది. అప్పటికి బాగా పెద్దదైపోయింది. వెనక వరసలో కూర్చుని కళ్లద్దాలు ముక్కుమీదికి లాక్కుని పుస్తకం తిరగేస్తోంది. వేదిక మీద నా మెడలో దండ. ఆవిడ ఒక పేజీ దగ్గర ఆగింది. మరి తిప్పలేదు. టీ తాగకుండా వెళ్లిపోయింది. తరవాతి వారం మా స్కూలు గేటు దగ్గర నిలబడి ఉంది. "ఏరా పైడిరాజూ, మా నాన్న ఏడీ?" అంది. కోపంగా కూడా అనలేదు. తప్పిపోయిన మనిషిని వెతుక్కుంటున్నట్టుగా అంది. "దొరికిన ఆధారాలను బట్టి రాశాను టీచరుగారూ, మీ దగ్గర ఏమైనా కాగితం ఉంటే చూపించండి," అన్నాను. ఉండదని నాకు తెలుసు. వెనక ఇల్లు వాళ్లు ఎప్పుడో అమ్ముకున్నారు. రోడ్డు వైపు గదిని మాత్రం చదువుకునేవాళ్లకి వదిలేశారు. దానికి విడిగా కాగితం ఎవరూ రాయలేదు.

కాగితం లేదన్న సంగతి మా పెదనాన్న కొడుకు సూరిబాబుకీ తెలుసు. రోడ్డు వెడల్పు చేశాక ఆ స్థలం ధరకి రెక్కలొచ్చాయి. తాత ఆస్తి కాబట్టి మనవలకి వస్తుందని పుస్తకం చేత్తో పట్టుకుని తిరిగాడు. టీచరు అడ్డం పడింది. చివరికి వీధి పెద్దలు ఇరువైపులవాళ్లనీ ఆ గదిలోనే కూర్చోబెట్టారు. తలుపులు తీశారు గాని గాలి ఆడటం లేదు. తాత కుర్చీలో ఆ రోజు కూడా ఎవరూ కూర్చోలేదు. వాలుబల్ల మీద, పేపరు పెట్టే చోట, నా పుస్తకం తెరిచి పెట్టారు.

"నాకు స్థలం వొద్దు బాబూ. అమ్ముకుందామని రాలేదు. గది ఉండనీండి, అంతే. మా నాన్న కట్టినాడు, అందరికీ ఇచ్చినాడు. మరి అమ్మడానికి ఎవుడిది?" అంది టీచరు.

"అందరిదీ అంటే ఎలగమ్మా? బుక్కులో ఉన్నాది కదేటి! నాను రాసినానా? సదువుకున్నోడు, రోజులకి రోజులు లైబ్రరీలో కూకోని రాసినాడు," అన్నాడు సూరిబాబు.

"మీ ఇంటోడే కదా రాసినాడు!" అని చర్చి తరఫున వచ్చినాయన.

మాటా మాటా పెరుగుతుంటే పెద్దమనిషి లక్ష్మణరావుగారు చెయ్యెత్తారు. "ఆగండి, ఆగండి. ఆవిడ ఒకటి సెప్తన్నారు, ఇతను ఒకటి సెప్తన్నాడు. రాసిన మనిషి ఇక్కడే ఉన్నాడు. అతన్నే అడుగుదాం. సెప్పు నాయనా, పైడిరాజు మాస్టారూ. ఏటి దొరికింది నీకు?"

అందరూ నా వైపు తిరిగారు. టీచరు మాత్రం నన్ను చూడలేదు, తల వంచుకుని వింటోంది. చిన్నప్పుడు మా చదువు విన్నట్టే. ఆ చిన్న వార్త ప్రతి అక్షరం నాకు కంఠతా వచ్చు. నోరు తెరిస్తే చాలు. సూరిబాబు మోకాలితో నా మోకాలిని తాకించి, "సెప్పరా తమ్ముడూ, బేగి," అన్నాడు. "పుస్తకంలో రాసిందే నాకు దొరికింది," అన్నాను. సరిగా వినబడలేదని లక్ష్మణరావుగారు రెండోసారి అడిగారు. రెండోసారి స్పష్టంగా చెప్పాను. టీచరు ఏదో అంటుందని, మళ్లీ చదవమంటుందని భయపడ్డాను. లేచి, కర్ర అందుకుని, గుమ్మం దాటి వెళ్లిపోయింది.

వానలు పడేలోగా గది పడగొట్టారు. ఇప్పుడక్కడ సెల్‌ఫోన్ల షాపు ఉంది, పైన ట్యూషన్ సెంటరు. నాన్న ఆ ఏడాది దాటలేదు. కొన్నాళ్లు నాకు నేను ఆయన పేరే చెప్పుకున్నాను. మంచాన పడ్డ మనిషి మనసు విరిచెయ్యలేక అలా చేశానని. అది కొంత నిజమే కాబట్టి చాలాకాలం పని చేసింది.

టిఫిన్ కొట్టులో ఆ బల్లను చూసి వచ్చిన రాత్రి ఒక సవరణ కాగితం రాశాను. గ్రంథాలయానికి వెళ్లి, నా పుస్తకంతో పాటు దీన్ని కూడా ఉంచుతారా అని అడిగితే, లైబ్రేరియనుగారు పుస్తకం వెనక అట్టకు చిన్న జేబు అంటించి అందులో పెడతామన్నారు. ఇచ్చేముందు టీచరుకి వినిపించాలనిపించింది. ఆవిడ శ్రీకూర్మం రోడ్డులో మేనకోడలి ఇంట్లో ఉంటోందని చర్చిలో చెప్పారు. చూపు పూర్తిగా పోయింది. వరండాలో నులకమంచం మీద కూర్చుని మునగాకు దూస్తోంది. నేను పేరు చెప్పాను. చేతులు ఆగలేదు.

"ఎవులూ? సరిత్ర మాస్టారా? కూకో. ఏటి, నా సరిత్ర కూడా రాసీడానికి వొచ్చినావేటి?"

వచ్చిన పని చెప్పాను. "సదువు," అంది. చదివాను. 'నా గ్రంథంలో ఫలానా పుటలో ఒక పొరపాటు దొర్లింది. చదువుల గదికి స్థలమిచ్చి కట్టించినవారు శ్రీ దేవసహాయంగారని పాఠకులు గమనించగలరు. ఇందుకు చింతిస్తున్నాను.' తండ్రి పేరు వినబడినప్పుడు ఆవిడ వేళ్లు ఒక్క క్షణం ఆగాయి. మళ్లీ దూయడం మొదలుపెట్టాయి.

"దొర్లిందా? దానంతటదే? గుమ్మడికాయేటి అది, దొర్లడానికి?"

కాగితంలోకి మళ్లీ చూసుకున్నాను.

"మింగీసినావు. మళ్లీ సదువు," అంది.

ఆ మాట విని ఎన్నేళ్లయిందో. నా జుట్టు నెరిసింది, రిటైరుమెంటు దగ్గర పడింది. అయినా కాళ్లు దగ్గరికి జరిగి నిటారుగా నిలబడ్డాను. మళ్లీ చదువుదామంటే కాగితంలో అంతే ఉంది. మడిచి జేబులో పెట్టుకుని, కాగితం లేకుండా చెప్పాను. తరవాతి వారం సంచిక సంగతి చెప్పాను. ప్రెస్సువాడి ఫోను సంగతి చెప్పాను. అందరి మధ్యా నన్ను అడిగినప్పుడు నాకు ఆ వార్త కంఠతా వచ్చని చెప్పాను. "నాన్నగారు అప్పుడు మంచంలో..." అని మొదలుపెడుతుంటే అడ్డు తగిలింది.

"మీ నాన్న ఆ రోజు ఆ గదిలో ఉన్నాడేటి?"

"లేడు."

"నువ్వు నిజం సెప్తే ఆ మాట ఆయనకెవులైనా మోసీవోరేటి?"

లేదు. ఎవరూ మోసేవారు కారు. ఆయన కోసం కాదు. ఊళ్లో నన్ను చరిత్ర మాస్టారు అంటున్నారు. పుస్తకం తప్పని అంతమంది ముందు నా నోటితో నేనే చెబితే ఆ పేరు పోతుంది. దాని కోసం. ఆ మాట కూడా చెప్పాను. వీధిలో ఎవరో కుర్రాడు సెల్‌లో వార్తలు పెద్దగా పెట్టుకుని వెళ్లాడు. మా చిన్నప్పుడు ఒక్క పేపరు అంతమందికి సరిపోయేది, ఇప్పుడు మనిషికొక పేపరు జేబులో ఉంది. చదివేవాడు ఏం దాటేశాడో పట్టుకునే మనిషి మాత్రం వెనక నిలబడి ఉండదు. ఉన్న ఒక్క మనిషి నా ఎదురుగా చాటలోని మునగపుల్లలు తడిమి ఏరుతోంది.

అయిపోయాక ఆవిడ చెయ్యి చాపింది. జేబులోంచి కాగితం తీసి ఆ చేతిలో పెట్టాను. వేళ్లతో దాని అంచులు తడిమి, ఎంత చిన్నదో చూసుకుని, తిరిగి నాకే ఇచ్చేసింది.

"ఇది కాదు. ఇప్పుడు సెప్పినావు కదా, అది రాసి తే. ఆదివారం ఆరాధన అయినాక రా. ఇంటాను."

అది రాశాను. గ్రంథాలయం జేబులో పట్టదు, అయినా ఇంతకన్నా చిన్నది చెయ్యడం నాకు చేతకాలేదు. రేపు ఆదివారం. పొద్దుటినుంచి తలుపు వేసుకుని దీన్ని పైకి చదువుకుంటున్నాను. "వేసెయ్యండి" అన్న చోట గొంతు జారిపోతోంది. అక్కడినుంచి మళ్లీ మొదలుపెడుతున్నాను.